గాబరా మాత్ర పని చేయనప్పుడు

కొంతకాలం క్రితం మా ఓ.పి.కి నలభై ఏళ్ళ తల్లి ఒకరు వచ్చారు. చేతిలోని ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద కుమ్మరించారు. సగం సగం వాడి వదిలేసిన మాత్రల షీట్లు నాలుగైదు, మూడు ఇ.సి.జి.లు, ఒక ఎకో రిపోర్టు. "గుండెకు ఏమీ లేదన్నారు డాక్టరుగారూ. అయినా దడ తగ్గలేదు. ఇన్ని మాత్రలు మింగాను, ఒక్కటీ పని చేయలేదు. ఇంక నాకు మందే లేదా?" అని ఆమె అడిగారు. ఈ ప్రశ్న మేము వినని వారం ఉండదు కనుక ఈసారి దాని గురించే రాస్తున్నాము.

ముందుగా చూడవలసినది, ఆ మాత్రకు పని చేసేంత సమయం దొరికిందా లేదా అన్నది. ఆందోళన జబ్బుకు రోజూ వేసుకోమని ఇచ్చే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటి మాత్రలు జ్వరం మాత్రల్లాంటివి కావు. గుణం కనబడడానికి రెండు నుండి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా మొదటి వారంలో వికారం, నిద్రలేమి, కొందరికి గాబరా కాస్త పెరగడం కూడా ఉంటాయి. సరిగ్గా అప్పుడే చాలామంది "ఈ మందు నాకు పడలేదు" అని ఆపేస్తారు. ఇంకొందరు దడ వచ్చిన రోజున మాత్రమే వేసుకుంటారు. ఈ తల్లి నాలుగు రకాలు వాడారు కానీ, ఏదీ పన్నెండు రోజులు దాటలేదు. ఇందులో ఆమె తప్పు లేదు. ఎన్నాళ్ళకు పని చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రెండవ రకం మాత్రల కథ వేరు. ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, డయజిపామ్ అరగంట గంటలో గాబరాను అణచివేస్తాయి. అందుకే అందరికీ అవే ఇష్టం. కానీ కొన్ని వారాలు వరుసగా వాడితే శరీరం వాటికి అలవాటు పడుతుంది. నిన్న సగం మాత్రతో వచ్చిన నిద్ర నేడు ఒకటి వేసుకున్నా రాదు. ఒక మాత్ర బలం తగ్గి రెండవది వేసుకునే లోపల వచ్చే వణుకును రోగి "జబ్బు ముదిరింది" అనుకుంటాడు. 2014 నుండి ఆల్ప్రజోలామ్ హెచ్1 షెడ్యూలులో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువారు రిజిస్టరులో రాసుకోవాలి. అయినా పాత చీటీతో ఏళ్ళ తరబడి కొని తెచ్చుకునేవారిని చూస్తూనే ఉన్నాము. తెలంగాణలో కొన్నిచోట్ల కల్తీ కల్లులో కలిపేది కూడా ఈ మందులనే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరకక వణుకు, ఫిట్స్, మతి భ్రమణంతో ఎంతోమందిని హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. కనుక ఈ మాత్రలను ఒక్కసారిగా ఆపకండి. డాక్టరు చూస్తుండగా వారాలు, అవసరమైతే నెలల మీద, కొద్దికొద్దిగా తగ్గించాలి. సారా, బ్రాందీ, కల్లు అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పండి. వాటితో కలిస్తే ఈ మందులు శ్వాసను ఆపగలవు.

ఉపవాస కూడిక నుండి వచ్చి ఆ రాత్రే మాత్రలన్నీ మానేసినవారూ మా వద్దకు వస్తుంటారు. ప్రార్థనను ఎవరూ వద్దనరు. మాత్ర మానే రోజును మాత్రం డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

దడకు వేరే కారణం దాగి ఉందేమో కూడా చూడాలి. థైరాయిడ్ ఎక్కువగా పని చేయడం, రక్తహీనత, షుగరు మందుతో షుగరు పడిపోవడం, ఆయాసానికి వాడే సాల్బుటమాల్, రోజుకు ఏడెనిమిది టీలు, ఇవన్నీ గాబరాలాగే కనబడతాయి. ఇంట్లో అప్పులు, తాగుడు, కొట్లాట ఉంటే అదీ చెప్పండి. అప్పు తీర్చే మాత్ర మా ఫార్మసీలో లేదు కానీ, తెలిస్తే వైద్యం వేరే దారిలో మొదలుపెట్టగలము.

ఇక మందు కాని వైద్యం. దీన్ని మన దగ్గర తక్కువగా అంచనా వేస్తారు. ఆలోచనను, ప్రవర్తనను మార్చే కౌన్సెలింగ్ చాలామందికి మాత్రలతో సమానంగా పని చేస్తుంది, రెండూ కలిపి కూడా ఇస్తారు. సుమారు పది పన్నెండు సార్లు రావాలి. అందులో జరిగేది ఉపదేశం కాదు, అభ్యాసం. ఈ తల్లికి ఒకసారి బస్సులో దడ వచ్చి, మధ్యలోనే దిగిపోయారు. దిగగానే తగ్గింది. దాంతో బస్సే ప్రమాదమని మనసు నేర్చుకుంది. రెండేళ్ళు బస్సెక్కలేదు. మేము మొదటి వారం ఆమెను బస్టాపులో నిలబడి రమ్మన్నాము, అంతే. తర్వాత కూతురితో ఒక స్టాపు, ఆపైన ఒంటరిగా ఒక స్టాపు. దడ వస్తే దిగకుండా కూర్చోవాలి. భయం పెరుగుతుంది, ఒక ఎత్తుకు చేరుతుంది, ఏమీ చేయకపోయినా తానే దిగుతుంది. ఇది చెబితే నమ్మరు, అనుభవిస్తేనే నమ్ముతారు. నాలుగు అంకెలు లెక్కిస్తూ గాలి పీల్చి, ఆరు లెక్కిస్తూ వదలడం, వారానికి ఐదు రోజులు అరగంట నడక కూడా సహాయం చేస్తాయి.

ఇంత చేసినా తగ్గకపోతే మందు మార్చవచ్చు. వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్, బస్పిరోన్, ప్రెగాబలిన్ వంటివి ఉన్నాయి. ప్రొప్రనలాల్ చేతుల వణుకుకు, దడకు పని చేస్తుంది, ఆయాసం ఉన్నవారికి మాత్రం కూడదు. పక్కింటివారికి పడిందని తెచ్చుకోకండి.

మానసిక వైద్యుడు దూరమైతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలన్న తలంపు వస్తే మాత్రం వచ్చే సోమవారం దాకా ఆగవద్దు. ఆ రోజే ఆసుపత్రికి రండి. ఇంటివారు వారిని ఒంటరిగా వదలకండి, మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి.

ఆ తల్లి ఇప్పుడు ఒకే మాత్ర రోజూ వేసుకుంటున్నారు. ఆల్ప్రజోలామ్ పావు మాత్ర ఇంకా మిగిలి ఉంది, అదీ తగ్గిస్తున్నాము. క్రిందటి నెల పుట్టింటికి బస్సులో వెళ్ళి వచ్చారు. దారిలో రెండుసార్లు దడ వచ్చిందట, దిగలేదట.