కాగితాలన్నీ ఒక్క పేరే చెప్పాలి

మక్తల్

చిరంజీవి అల్లునికి,

నువ్వు ఓడలో నావికుని పనికి శిక్షణనిచ్చే జీపీ రేటింగ్ కోర్సులో చేరాలనుకుంటున్నావనీ, ఓడ ఎక్కాలంటే ఏమేం కాగితాలు కావాలో మామనడిగి చెప్పమన్నావనీ మీ అమ్మ చెప్పింది. మన ఇంటి నుంచి ఇంకొకడు సముద్రం మీదికి పోతానంటే నాకు చాలా సంబరంగా ఉంది. ఓడల మీద డెక్ పనివాళ్ల మేస్త్రి అయిన బోసన్‌గా పనిచేసి వచ్చినవాణ్ణి కాబట్టి తెలిసినంత మేరకు వరుసగా రాస్తున్నా. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. ఈ ఉత్తరం దాచుకో.

ముందు అసలు మాట. ఓడ కొలువుకు దేహబలం ఎంత అవసరమో కాగితాల శుద్ధి అంత అవసరం. ముంబైలో ఇచ్చిన సర్టిఫికెట్‌ను రాటర్‌డామ్ రేవులోనో సింగపూర్ రేవులోనో ఓడెక్కిన తనిఖీ అధికారి చూస్తాడు. అతనికి నువ్వెవరో తెలియదు, మక్తల్ ఎక్కడుందో తెలియదు. కాగితం ఏం చెబితే నువ్వు అదే. నావికుల శిక్షణకూ సర్టిఫికెట్లకూ అన్ని దేశాలకూ ఒకే కొలమానం ఉండాలని 1978లో ఒక ఒప్పందం చేసుకున్నారు. దాన్నే ఎస్‌టీసీడబ్ల్యూ అంటారు. నీ కోర్సులన్నీ దాని కిందికే వస్తాయి.

నీకు కావలసినవి ఈ వరుసలో వస్తాయి. మొదట పాస్‌పోర్ట్. తర్వాత ఇండోస్ నంబరు. అంటే దేశంలోని నావికుల జాబితాలో నీ పేరు ఎక్కినట్టు. ఆ నంబరు ఒక మనిషికి ఒక్కటే, బతికినంత కాలం అదే. ఆ తర్వాత శిక్షణ, ప్రాథమిక భద్రతా కోర్సుల సర్టిఫికెట్లు. చివరికి సీడీసీ, నావికుని పుస్తకం. దీన్ని షిప్పింగ్ మాస్టర్ ఇస్తారు. ఆ కార్యాలయాలు ముంబై, కోల్‌కతా, చెన్నైలలో ఉన్నాయి. దరఖాస్తు మాత్రం ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోనే చేయాలి. సీడీసీ పదేళ్లు చెల్లుతుంది. అది చేతికొచ్చాక బయోమెట్రిక్ గుర్తింపు కార్డు ఉంది. మన దేశం 2019లో దాన్ని మొదలుపెట్టింది.

ఈ మెట్లన్నిటికీ కింద ఉన్న పునాది రాయి నీ పదో తరగతి మెమో. అక్కడ ఏ పేరుంటే, ఏ పుట్టిన తేదీ ఉంటే, అదే పైదాకా పోతుంది. మన దిక్కు పిల్లలకు చిక్కొచ్చేది ఇక్కడే. పనికి పూణె, ముంబై పోయిన తల్లిదండ్రుల పిల్లలను బడిలో ఎవరో ఒకరు తీసుకుపోయి చేర్పిస్తారు. పంతులు నోటితో చెప్పింది రాసుకుంటారు. ఆధార్ ఇంకెక్కడో తీయించుకుంటారు. పుట్టిన తేదీ తెలియకపోతే జనవరి ఒకటి అని పడుతుంది. అలా ఒక్క మనిషికే రెండు మూడు రూపాలు తయారవుతాయి.

మన దిక్కు ఇంటింటా ఉండే నర్సింహులు అనే పేరే తీసుకో. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక చోట మధ్యలో హెచ్ ఉంటుంది, ఇంకో చోట ఉండదు. ఒకరు 'నర' అని రాస్తే ఇంకొకరు 'నర్' అని ఆపేస్తారు. మన కంటికి అన్నీ ఒక్కటే. కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మనుషులు. అది నీ పేరే కానక్కర్లేదు, మీ నాయన పేరైనా అంతే. దరఖాస్తులో తండ్రి పేరు అడుగుతారు, పాస్‌పోర్ట్‌తో సరిపోల్చుతారు. ఇక ఇంటిపేరు సంగతి. మెమోలో ఒక్క అక్షరం ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, ఒక్కోసారి అది పేరుకు ముందుంటుంది, ఒక్కోసారి వెనక.

అందుకని నువ్వు చేయవలసిన మొదటి పని ఇది. ఒక తెల్ల కాగితం తీసుకో. అడ్డంగా నీ పేరు, ఇంటిపేరు, నాయన పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ, చిరునామా అని రాయి. నిలువుగా పదో తరగతి మెమో, జనన ధ్రువపత్రం, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, టీసీ అని రాయి. ఒక్కో కాగితం ముందు పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు, ఒక్కో అక్షరం చూసి గళ్లలో ఎక్కించు. తలలో ఉన్న పేరు రాయకు, కాగితంలో కనిపించేదే రాయి. తేడా ఉన్న గడి చుట్టూ ఎర్ర గీత గీయి. ఎర్ర గీత ఒక్కటి మిగిలినా దరఖాస్తు పెట్టకు.

తప్పు మెమోలోనే ఉంటే ముందు అదే సరిచేయించు. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఏముందో చూడాలి. హెడ్మాస్టర్ ద్వారా డీఈఓ ఆఫీసుకు, అక్కణ్ణుంచి హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరీక్షల కార్యాలయానికి కాగితం పోవాలి. టైము పడుతుంది, కాబట్టి ఇవాళే మొదలుపెట్టు. మెమో సరిగా ఉండి ఆధార్‌లో తప్పుంటే పని తేలిక. కానీ ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, పేరు రెండుసార్లే. కాబట్టి కేంద్రంలో వేలిముద్ర వేసే ముందు తెరమీద ఉన్నది నువ్వే అక్షరం అక్షరం చదువుకో.

ఆధార్ సరయ్యాకే పాస్‌పోర్ట్. మన దిక్కువాళ్లకు మహబూబ్‌నగర్ పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది. ఇంటిపేరు ఒక్క అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయించు. పదో తరగతి మెమో తప్పకుండా జతచెయ్యి, అది ఉంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం లేని పాస్‌పోర్ట్ వస్తుంది. పోలీసు విచారణకు వచ్చే రోజుల్లో ఇంట్లో ఉండు.

కోర్సు గురించి. జీపీ రేటింగ్ ఆరు నెలలు, అక్కడే ఉండి చదవాలి. పదో తరగతి పాసై, మొత్తంలో 40 శాతం, ఇంగ్లీషులో 40 శాతం ఉండాలి. నీ మెమోలో గ్రేడ్లే ఉంటే మార్కుల లెక్క ఎలా చూస్తారో చేరకముందే అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకో. సంస్థ పేరు డీజీ షిప్పింగ్ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో వెబ్‌సైట్‌లో నీ కళ్లతో చూడు. గోడమీద ఓడ బొమ్మ, తెల్ల యూనిఫాం చూసి నమ్మకు. సంస్థకు ఆమోదం ఉంటే చాలదు, నువ్వు చేరే కోర్సుకు కూడా ఆమోదం ఉండాలి.

ఫీజు కట్టకముందు ఇంకో పని ఉంది. డీజీ షిప్పింగ్ ఆమోదించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష చేయించుకో. ఆ డాక్టర్ల జాబితా కూడా అదే వెబ్‌సైట్‌లో ఉంటుంది. చుక్కల మధ్య అంకె కనిపెట్టమని ఒక పుస్తకం చూపిస్తారు. రాత్రి దూరంగా ఎదురొచ్చే ఓడ ఎటు తిరిగిందో దాని ఎర్ర, పచ్చ దీపాలను బట్టి తెలుసుకోవాలి. రంగుల తేడా తెలియనివాణ్ణి డెక్ మీద కాపలా పెట్టరు. ఇందులో ఎవరి తప్పూ లేదు, పుట్టుకతో వచ్చేది. కానీ ఆ సంగతి ఫీజు కట్టాక తెలిస్తే అప్పు మిగులుతుంది, ముందే తెలిస్తే ఇంకో దారి చూసుకోవచ్చు. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు, పాస్‌పోర్ట్ తీసుకుని పో. టీకా వేశాక పది రోజులకు ఆ పత్రం చెల్లుబాటులోకి వస్తుంది, తర్వాత జీవితాంతం పనిచేస్తుంది. ఆ పసుపుపచ్చ పుస్తకం మీది పేరు కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి.

శిక్షణలో ప్రాథమిక భద్రతా కోర్సులు నాలుగు. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, నిప్పు ఆర్పడం, ప్రథమ చికిత్స, తోటివారితో భద్రంగా మెలగడం. వీటికి తోడు ఓడ రక్షణ గురించిన కోర్సు ఒకటి. సర్టిఫికెట్ చేతికిచ్చిన రోజే పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు, ఇండోస్ నంబరు సరిచూసుకో. అక్కడే ఉన్నప్పుడు మార్పించుకోవడం ఒక పూట పని. ఊరికొచ్చాక మార్పించాలంటే మళ్లీ రైలెక్కాలి.

ఆన్‌లైన్ దరఖాస్తులో మన పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. ఇంటర్నెట్ సెంటర్ అతని ఫోన్ నంబరు, అతని ఈమెయిల్ ఇచ్చి వస్తారు. రేపు ఓటీపీ అతనికి పోతుంది, ఏదైనా లోపముందని వచ్చే సమాచారం కూడా అతనికే పోతుంది. నీ ఫోన్, నీ ఈమెయిలే ఇవ్వు. పాస్‌వర్డ్ ఇంట్లో నోటుబుక్కులో రాసి పెట్టు. ఫొటో కొత్తది, వెనక తెల్లటి తెరతో, చెవులు కనిపించేలా తీయించు. సంతకం పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే చెయ్యి. కట్టిన ప్రతి ఫీజుకూ రసీదు దాచు. ఒరిజినల్ కాగితాలు చూపించు, జెరాక్సు ఇవ్వు. ఒరిజినల్స్ ఎవరి దగ్గరా వదిలి రాకు.

ఇప్పుడు సీడీసీ ఎందుకంత విలువైనదో చెబుతాను. మన పాలమూరు కూలీలు దేశం నలుమూలలా కట్టలు వేశారు, కాలువలు తవ్వారు. వాళ్ల పని దినాల లెక్క గుంపు మేస్త్రి పుస్తకంలో ఉండేది. అడ్వాన్సు ఎంత, కోత ఎంత అన్నది మేస్త్రి చెప్పిందే మాట. ఎన్నేళ్లు చాకిరీ చేసినా చూపించుకోవడానికి చేతిలో ఒక్క కాగితం ఉండేది కాదు. నావికునికి ఆ దుస్థితి లేదు. ఏ ఓడ, ఏ హోదా, ఏ తేదీన ఎక్కాడు, ఏ తేదీన దిగాడు అన్నది కెప్టెన్ సంతకంతో, ఓడ ముద్రతో అతని సొంత పుస్తకంలోనే పడుతుంది. రేపు పై పరీక్ష రాయాలంటే ఆ సముద్రపు దినాలే లెక్కకు వస్తాయి. ఆ పుస్తకం నీ చెమటకు సాక్ష్యం. దిగిన ప్రతిసారీ తేదీలు, ముద్ర సరిచూసుకునే మెట్లు దిగు.

ఆ పుస్తకం చేతికొచ్చిన రోజు నుంచి ఏజెంట్లు వెంటపడతారు. ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడుగుతారు. గట్టిగా గుర్తుపెట్టుకో. నావికులను పనిలో పెట్టే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర పైసలు తీసుకోకూడదని అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం చెబుతుంది. మన దేశం ఆ ఒప్పందంలో 2015లో చేరింది. పాస్‌పోర్ట్, నావికుని పుస్తకం, వైద్య పరీక్ష ఖర్చు నీ మీద పడొచ్చు, అంతకు మించి కాదు. వీసా ఖర్చు కూడా నీది కాదు. శిక్షణ లేకుండానే వేరే దేశపు సీడీసీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయి. అలాంటి పుస్తకంతో ఎక్కే ఓడలో జీతం ఆగినా, నడి సముద్రంలో వదిలేసినా అడిగే దిక్కుండదు. ఓడెక్కే ముందు ఉద్యోగ ఒప్పందం చదివి, సంతకం చేసిన ప్రతి ఒకటి మీ అమ్మ దగ్గర పెట్టు.

మన ఊరివాళ్లకు ఈ దారి ఇప్పుడు దగ్గరైంది. 2023 అక్టోబర్ నుంచి కాచిగూడ, రాయచూరు మధ్య రైలు మనవైపు నుంచే నడుస్తోంది. కృష్ణా స్టేషన్‌కు పోతే ముంబై లైను, చెన్నై లైను అక్కడే. దారి దొరికినా కాగితం తప్పుంటే మాత్రం రైలు దిగిన చోటి నుంచే వెనక్కి రావాలి.

అల్లుడా, మక్తల్‌లో సరిదిద్దగలిగిన తప్పును ముంబై దాకా మోసుకుపోకు. వచ్చే సోమవారం బడి తెరిచే వేళకు వెళ్లి హెడ్మాస్టర్ సారును కలువు, అడ్మిషన్ రిజిస్టర్ చూపించమని మర్యాదగా అడుగు. ఆ గళ్ల కాగితం నింపి, ఫొటో తీసి నాకు పంపు. దరఖాస్తులో ఆఖరి బటన్ నొక్కే ముందు ఒకసారి నాకు చూపించు. పైలం.

ఇట్లు,
నీ మేనమామ