కంప్యూటరు ఉలికి ఎంత వేగం?

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వెళ్ళే పల్లెవెలుగు బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోగలదనుకుందాం. ఆగిన చోటినుంచి కదిలి ఆ వేగం అందుకోవడానికి దానికి సుమారు 280 మీటర్ల దారి కావాలనుకోండి. మళ్ళీ కుదుపు లేకుండా ఆగడానికి ఇంచుమించు అంతే కావాలి. మరి ఆపే చోట్ల మధ్య అరకిలోమీటరు కూడా లేకపోతే? బస్సు 60ని ఒక్కసారైనా అందుకోదు. ఇంజనులో సత్తువ ఉంది, చాలనిది దారి.

టేకు తలుపుల మీద లతలూ పూలూ చెక్కే కంప్యూటరు యంత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని సి.ఎన్.సి. యంత్రం అంటారు. ఇలాంటి యంత్రాన్ని మొదటిసారి 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు ప్రదర్శించారు. అప్పట్లో ఆజ్ఞలు చిల్లులు పొడిచిన కాగితపు పట్టీ మీద ఉండేవి. ఇప్పుడు కంప్యూటరులో ఉంటున్నాయి. ఆ ఆజ్ఞలలో ఒకటి, తిరిగే బిట్ చెక్క మీద ఎంత వేగంగా ముందుకు జరగాలో చెబుతుంది. పనివాళ్ళు దాన్ని 'ఫీడ్' అంటారు. ఫీడ్ అంటే మేత! బిట్‌కు చెక్కను మేపడమన్నమాట.

ఫీడ్ నిమిషానికి 12 మీటర్లు అని రాశామనుకోండి. అంటే సెకనుకు 20 సెంటీమీటర్లు. యంత్రం తన వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు 100 సెం.మీ. చొప్పున పెంచుకోగలదు. ఇది దాని త్వరణం. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రమే ఇక్కడ పనికొస్తుంది: వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగించండి. 400ని 200తో భాగిస్తే 2 సెం.మీ. వేగం అందుకోవడానికి 2, ఆగడానికి 2, మొత్తం 4 సెం.మీ. గీత కావాలి.

కాని లత ఆకులో గీత పొడవు 1 సెం.మీ. మాత్రమే అయితే? సగం దూరం పరుగు, సగం దూరం ఆపుడు. అరసెంటీమీటరులో అందే వేగం సెకనుకు 10 సెం.మీ., అదీ ఒక్క క్షణమే. సగటు వేగం 5. ఇప్పుడు ఫీడ్‌ను 12 నుంచి 24కు మార్చినా ఆ గీత ఒక్క క్షణం కూడా ముందుగా పూర్తికాదు. అంకె పెంచితే పని తొందరగా అవుతుందనుకునేవారు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

గీత చివర వంపు సున్నితంగా ఉంటే యంత్రం ఆగనక్కరలేదు. మంచి కంప్యూటర్లు రాబోయే గీతలను ముందుగానే చదివి, ఎక్కడ ఎంత తగ్గాలో చూసుకుంటాయి. అయినా వంపుకూ ఒక హద్దుంది. వలయంలో తిరిగే వస్తువుకు కేంద్రం వైపు త్వరణం కావాలి గదా! అది వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. 2.5 మి.మీ. వ్యాసార్ధమున్న చిన్న మొగ్గను చెక్కేటప్పుడు మన యంత్రం సెకనుకు 5 సెం.మీ. దాటలేదు. అంటే నిమిషానికి 3 మీటర్లు. రాసిందేమో 12!

ఇంతకూ యంత్రం కంప్యూటరు మాట సరిగ్గా వింటుందా? దాన్ని కదిపేది సర్వో మోటారు. లాటిన్‌లో సేవకుడు అనే అర్థమున్న మాటనుంచి ఈ పేరు వచ్చింది. కంప్యూటరు 'నువ్వు ఇక్కడ ఉండాలి' అంటుంది. మోటారుకు తగిలించిన ఎన్‌కోడరు 'ఇప్పుడు ఇక్కడ ఉన్నాను' అంటుంది. ఈ రెంటి మధ్య తేడా ఎంత ఉంటే మోటారు అంత వేగంగా తిరుగుతుంది. విచిత్రం గమనించారా? మామూలు సర్వో కదలాలంటే కొంత వెనుకబడి ఉండక తప్పదు!

దూడ మెడకు తాడు కట్టి నడిపించి చూడండి. మీరు వీధి మూలదాకా పోయి తిరుగుతారు; దూడ మూలదాకా రాదు, అడ్డంగా కోసుకుని వస్తుంది. బిట్ కూడా అంతే చేస్తుంది. చదరపు మూల గుండ్రమవుతుంది, వలయం చిన్నదవుతుంది. ఒక మిల్లీమీటరు తేడాకు సెకనుకు 5 సెం.మీ. వేగమిచ్చే సర్వోతో పైన చెప్పిన మొగ్గను అదే వేగంతో చెక్కితే, దాని వ్యాసార్ధం సుమారు 0.18 మి.మీ. తగ్గుతుంది. వేగం సగం చేస్తే తగ్గుదల 0.05 మి.మీ. మాత్రమే, అంటే దాదాపు నాలుగోవంతు. తలుపు మీద పువ్వుకు ఇది లెక్కలోకి రాదు. బేరింగు కూర్చునే రంధ్రమైతే ఆ వస్తువు పాత ఇనుము కిందకే పోతుంది. వెనుకబాటును ముందే ఊహించి సరిదిద్దే ఏర్పాటు కొత్త యంత్రాలలో ఉంది, అయితే పూర్తిగా పోగొట్టేది మాత్రం కాదు.

చివరి హద్దు కోతది. జమ్మలమడుగు వైపు నాపరాయిని రంపపు చక్రంతో కోసేటప్పుడు, నీళ్ళు పోస్తూ బండను మెల్లగా నెట్టడం చూడండి. తొందరపడి నెడితే అంచు పెచ్చులూడుతుంది. చెక్కలో బిట్‌కు రెండు పళ్ళుండి, నిమిషానికి 18,000 సార్లు తిరుగుతూ, ఒక్కో పన్ను 0.1 మి.మీ. పొట్టు తీస్తే ఫీడ్ 3,600 మి.మీ., అంటే 3.6 మీటర్లు. ఇంతకు మించి తోస్తే బిట్ విరగవచ్చు. మరీ మెల్లగా పోనిచ్చినా ముప్పే: పళ్ళు కోయడం మాని ఒరుసుకుంటాయి, వేడెక్కుతాయి, చెక్క మాడి నల్లబడుతుంది.

పులివెందులలో 2006లో మొదలైన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల వంటి చోట మెకానికల్ చదివేవారికి ఈ లెక్కలే ఇంకా లోతుగా ఎదురవుతాయి. మీరు ఈలోగా ఒకటి చేసి చూడండి. అదే యంత్రం, అదే త్వరణం. మొగ్గ వ్యాసార్ధం 2.5కు బదులు 10 మి.మీ. అయితే ఎంత ఫీడ్ దాకా పోవచ్చు? వ్యాసార్ధం నాలుగు రెట్లయింది గనుక వేగమూ నాలుగు రెట్లవుతుందని తొందరపడి రాయకండి.