మహర్ అను ఋణము

రాయవేలూరు, గుడియాత్తము పట్టణములలోని తెలుగువారికి ముస్లిం కుటుంబములతో పొరుగుదనము నిన్న మొన్నటిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడువరకు చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములును ఈ ప్రాంతమును ఒక్క ఉత్తర ఆర్కాడు జిల్లా క్రిందనే యుండెను. మన బిడ్డలు తెలుగు చదువుచుండగా పొరుగింటి బిడ్డలు పెక్కురు ఉరుదూ చదువుచున్నారు. ఇరువురమును భాషా విషయమున అల్పసంఖ్యాకులమే. వారి పెండ్లి పిలుపు లందుకొని విందారగించి వచ్చుచున్నాము. కాని ఆ నికాహ్ పత్రములో ఏమి వ్రాయబడినదో తెలిసికొన్నవారు మనలో అరుదు. రేపు మన పిల్లలలో ఒకరు వకీలు కావచ్చును, ఒకరు గుమాస్తా కావచ్చును, ఒకరు వర్తకుడు కావచ్చును. ఆ పత్రము వారి బల్లమీదికి రాకపోదు.

ఇస్లాము వర్తక నగరమైన మక్కాలో జనించినది. ప్రవక్త ముహమ్మదు తానును యౌవనమున వర్తకము నెరపినవాడు. ఖురానులో అన్నిటికంటె దీర్ఘమైన వాక్యము రెండవ అధ్యాయములో నున్నది. అది చెప్పునది ఋణపత్రమును గూర్చి: గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకొనువారు దానిని వ్రాసికొనవలెను, వ్రాయువాడు న్యాయముగా వ్రాయవలెను, సాక్షులుండవలెను. తాము కొలిచికొనునపుడు నిండుగా తీసికొని, పరులకు కొలిచి యిచ్చునపుడు తగ్గించువారిని ఎనుబది మూడవ అధ్యాయము తీవ్రముగా గర్హించుచున్నది. ప్రవక్త ఒకనాడు అంగడిలో ధాన్యపురాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలినదట. వాన తడిసినదని వర్తకుడు చెప్పెను. అట్లయిన తడిసిన గింజలను పైకి పోసి జనులకు చూపవలసినదని ప్రవక్త మందలించెను. సరకులోని లోపమును దాచుట మోసమనియే ధర్మశాస్త్రజ్ఞులు దీనినుండి గ్రహించిరి.

లోపము సరకులోనే యుండనక్కరలేదు. ఈ సీమలో తోళ్ళ వ్యాపారము సకల మతములవారికిని కూడు పెట్టినది. ఆ తోళ్ళు శుభ్రముగా నిగనిగలాడుచు ఓడలెక్కెను, తడి మాత్రము పాలారులో మిగిలిపోయెను. 1996 ఆగస్టు 28న వేలూరు పౌరుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు, కలుషితము చేసినవాడే నష్టము చెల్లించవలెనను సూత్రమును స్థాపించి, ఉత్తర ఆర్కాడు మొదలగు జిల్లాలలోని ఒక్కొక్క తోళ్ళ కర్మాగారమునకు పదివేల రూపాయల జరిమానా విధించెను. అదియు చెల్లింపవలసిన ఋణమే కదా!

ఇక వివాహము. ఇస్లామీయ శాస్త్రము నికాహ్‌ను ఒడంబడికగా పరిగణించును. ఒకరు ప్రతిపాదింపవలెను, రెండవవారు అంగీకరింపవలెను, సాక్షులు వినవలెను. వరుడు వధువునకు మహర్ చెల్లించుటకు బద్ధుడగును. మనవారు కొందరు దీనిని కన్యాశుల్కమని పొరబడుచుందురు. కన్యాశుల్కము తండ్రి చేతికి పోవునది. మహర్ వధువు సొత్తు. తండ్రికి గాని అన్నకు గాని అందు భాగము లేదు. బంగారు రాశినే యిచ్చియున్నను తిరిగి తీసికొనరాదని ఖురాను నాలుగవ అధ్యాయము శాసించుచున్నది. మొత్తము నిర్ణయింపకపోయినను హక్కు పోదు. ఆమె పుట్టింటి స్త్రీలకు నిర్ణయమైన మహర్‌ను బట్టి తగిన మొత్తము రావలెను.

మహర్ రెండు విధములు. భార్య కోరినంతనే యీయవలసినది ముఅజ్జల్; భర్త మరణమున గాని విడాకులయందు గాని చెల్లవలసినది మువజ్జల్. చెవికి రెండును ఒక్కటిగానే తోచును. అరబ్బీ లిపిలో ఒక్క అక్షరము మారును, ఆ యక్షరముతో ఒక స్త్రీ జీవితమును మారవచ్చును.

ఇది ఎట్టి ఋణము? 1950లో సుప్రీంకోర్టు తీర్చిన ఒక వ్యాజ్యము హైదరాబాదు నుండి వచ్చినది. భర్త మరణించెను. ఆయన యిల్లు మహర్ బాకీ క్రింద భార్య స్వాధీనమున నుండెను. అప్పిచ్చినవాడు ఆ యింటిపై తన డిక్రీని అమలు జరుపగోరెను. మహర్ ఋణమే గాని, హామీ లేని యితర ఋణములకంటె దానికి అగ్రస్థానము లేదని న్యాయస్థానము నిర్ణయించెను. వితంతువునకు ఇది కఠినమని నాకును తోచినది. అయినను దీనిలోనే ఇంకొక అర్థము గలదు: మహర్ వర్తకుని బాకీతో సమానముగా నిలుచును, దానికంటె తక్కువది కాదు. వారసులు భాగములు పంచుకొనుటకు ముందే అది తీరవలెను.

ఇంత గట్టి హక్కు ఆచరణలో ఏమగుచున్నది? వరకట్నము లక్షలలో పుచ్చుకొని, మహర్ వందలలోనో వేలలోనో వ్రాయించు వివాహములు లేకపోలేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము మహర్‌ను కట్నముగా లెక్కింపలేదు; వరుని పక్షమువారు పుచ్చుకొను కట్నమును మాత్రము అందరికిని నేరమే చేసినది. అంగడిలో గింజ తగ్గింపని పెద్దమనిషి కొడుకు పెండ్లిలో నిండుగా కొలిచికొని, కోడలికి తగ్గించి కొలిచినచో, ఎనుబది మూడవ అధ్యాయమునకు అంతకన్న తగిన యుదాహరణ మెక్కడ దొరకును? మన యిండ్లలో మహర్ అను మాటయే లేదు గాని, ఆ త్రాసు మనకును కొత్తది కాదు.

శాసనములు కాలక్రమమున స్త్రీకి తోడుపడుచు వచ్చినవి. 1939 నాటి చట్టము, భర్త జాడ నాలుగేండ్లు తెలియకున్నను, రెండేండ్లు పోషింపకున్నను భార్య విడాకులు కోరవచ్చుననెను. అట్లు కోరినను మహర్ హక్కు చెడదు. ఒక్క గుక్కలో చెప్పు మూడు తలాఖులను 2017లో సుప్రీంకోర్టు కొట్టివేసెను, 2019 చట్టము నేరముగా ప్రకటించెను. తెలంగాణ నుండి వచ్చిన వ్యాజ్యములో, విడాకులైన ముస్లిం స్త్రీకి క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షను క్రిందను మనోవర్తి కోరు హక్కు కలదని 2024 జూలైలో తీర్పు వచ్చినది.

వాణిజ్యశాస్త్ర తరగతిలో ప్రోనోటు వ్రాయించు ఉపాధ్యాయుడు, దాని ప్రక్కనే నికాహ్ పత్రపు నమూనా నొకదానిని పెట్టి, ఋణి యెవరు, ఋణదాత యెవరు, గడువు ఏది అని బాలికలను ప్రశ్నింపవచ్చును. పెండ్లినాడు పత్రము వ్రాయు ఖాజీగారు గాని, సాక్షిగా నిలుచు పెద్దలు గాని, మొత్తమును, ముఅజ్జలో మువజ్జలో అను మాటను వధువునకు ఆమె భాషలో చదివి వినిపింపవలెను. తమిళనాడులో 2009 చట్టము ననుసరించి ఏ మతమువారి వివాహమైనను నమోదు కావలసినదే. అది జరిగిన పిమ్మట నికాహ్ పత్రపు ప్రతి నొకదానిని పెండ్లికూతురి పెట్టెలోనే యుంచుడు. అత్తవారి బీరువాలో కాదు.