స్పాన్ వదిలే ముందు డాఫ్నియాను చూడండి

వానాకాలం సలహాలు: మంగళగిరి ప్రాంత పంట కుంటలు, నర్సరీ చెరువులు

పత్తి మొలకెత్తి, మిరప నారుమళ్లు పోసే ఈ రోజుల్లోనే కుంటలూ నిండుతాయి. నూతక్కి, పెదవడ్లపూడి, ఆత్మకూరు వైపు బొచ్చె, శీలావతి స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్లలు) వదలాలనుకునే రైతులు ముందుగా నీళ్లలో డాఫ్నియా, మొయినా అనే చిన్న నీటి జీవులు ఎలా ఉన్నాయో చూసుకోవాలి. చేపపిల్లల తొలి వారాల మేతలో ఇవి చాలా ముఖ్యం. ఇవి పస్తులుంటే పిల్లలూ పస్తులే.

ఎలా గుర్తించాలి?

గాజు గ్లాసుతో కుంట నీళ్లు ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టండి. ఆవగింజంత, అంతకన్నా చిన్న చుక్కలు గెంతుతూ, కిందికి జారుతూ కనిపిస్తాయి. భూతద్దంతో చూస్తే పారదర్శకమైన డొప్పలోంచి పేగు కనబడుతుంది. నాచు కణాలు బాగా దొరికితే పేగు ఆకుపచ్చగా ఉంటుంది, వీపు మీది సంచి గుడ్లతో నిండి ఉంటుంది. పేగు పాలిపోయి, సంచిలో ఒకటి రెండు గుడ్లే ఉంటే నీళ్లలో మేత చాలడం లేదని అర్థం.

కరువును ఎలా తట్టుకుంటాయి?

ఇవి కాళ్లకున్న సన్నని నూగుతో నీటిని వడగట్టి తింటాయి. ఆ వడపోత రంధ్రాలు వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కన్నా చిన్నవి. మేత తగ్గితే డాఫ్నియా కుబుసం విడిచిన కొద్దీ తన వడపోత జల్లెడను వెడల్పు చేసుకుంటుందని జర్మనీ శాస్త్రవేత్త విన్‌ఫ్రీడ్ లాంపర్ట్ 1994లో వివరించారు. తల్లి గుడ్ల సంఖ్య తగ్గించి, ఒక్కో గుడ్డులో ఎక్కువ కొవ్వు పెడుతుంది. అలా పుట్టిన పెద్ద పిల్ల ఆకలికి ఎక్కువ రోజులు ఆగుతుంది. పరిస్థితి మరీ విషమిస్తే మగవి పుడతాయి, ఆపై జీను ఆకారపు నల్లని డొప్పలో గట్టి గుడ్లు ఏర్పడి బురదలో చేరతాయి. వేసవిలో కుంట ఎండినా అవి చావవు. వాన నీళ్లు చేరాక పొదుగుతాయి.

ఈ ఓపిక వాటి ప్రాణం నిలుపుతుంది, మన చేపల కడుపు నింపదు. అందుకే వాటికి మేత పెట్టడం మన పని.

ఇప్పుడు చేయాల్సినవి

• నర్సరీలో ఎకరాకు 300 కిలోల వేరుశనగ చెక్క, 80 కిలోల పచ్చిపేడ, 20 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ సరిపోతాయి. పది సెంట్ల కుంటకు వరుసగా 30, 8, 2 కిలోలు. ఇందులో సగం నీళ్లతో చిక్కగా కలిపి, స్పాన్ వదలడానికి రెండు మూడు రోజుల ముందు కుంటంతా చల్లాలి. మిగతా సగం నీటి రంగు, ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) చూసుకుంటూ విడతలుగా వేయాలి.

• 50 లీటర్ల నీటిని ప్లాంక్టన్ వలలో వడగడితే 1 నుంచి 2 మిల్లీలీటర్ల ప్లాంక్టన్ అడుగున చేరాలి. అంతకు తక్కువుంటే స్పాన్ వదలకుండా ఆగండి.

• నల్లరేగడి బురద నీరు దిగితే డాఫ్నియా వడపోత కాళ్లకు మట్టి అడ్డుపడుతుంది, నాచు ఉన్నా తినలేవు. నీరు దిగే చోట చిన్న గుంట తవ్వి, గట్టున గడ్డి పెంచండి. బురద చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

• పైరిథ్రాయిడ్లు, క్లోరిపైరిఫాస్ వంటి మందులు అతి కొద్దిగా కలిసినా డాఫ్నియాలు చస్తాయి. పురుగుమందు నీటికి ఎంత ప్రమాదమో తేల్చడానికి ప్రపంచమంతా డాఫ్నియా మీదే 48 గంటల పరీక్ష చేస్తారంటే అవి ఎంత సున్నితమో గ్రహించండి. పత్తికి, మిరపకు గాలి కుంట వైపు వీచేటప్పుడు పిచికారీ చేయకండి. తైవాన్ స్ప్రేయర్లు, మందు డబ్బాలు కుంటలో కడగకండి.

• పూడిక పూర్తిగా తీసిన కుంటలో డాఫ్నియా గుడ్లు మట్టితోపాటే పోయి ఉంటాయి. మందు తగలని పొరుగు కుంట నుంచి ప్లాంక్టన్ పట్టి, కలుపు చేపలు రాకుండా చూసుకుని వదలండి.

సందేహాలుంటే మండల మత్స్యశాఖ సిబ్బందినో, విజయవాడ దగ్గర పెనమలూరులోని సీఫా (కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ) పరిశోధన కేంద్రాన్నో అడగండి. స్పాన్ కొన్న డబ్బు నీళ్లపాలు కాకూడదంటే, వదిలే రోజు పొద్దున గ్లాసు నీళ్లు ముంచి చూడటం ఏ రైతూ మానకూడదు.