బదనికలు - పూలవాసన

మామిడికొమ్మపై పెరుగు పరాయి మొక్క నెల్లను బదనిక యనుట పల్లెలలో వాడుక. కాని యీ పేరున రెండు జాతులు గలవు. జిడ్డు అను మొక్క కొమ్మలోనికి వేరు చొప్పించి చెట్టు రసమును పీల్చును. దానిని కొమ్మతోసహా కోసివేయవలెను. రెండవది ఆర్కిడ్ జాతికి చెందిన వాండా. దాని తెల్లని దళసరి వేళ్లు బెరడును పట్టుకొని వాననీటిని, గాలిలోని తేమను గ్రహించునేకాని చెట్టు రసమును ముట్టవు.

ఆర్కిడ్ పూలకు వాసన యుండదనుట మరియొక అపోహ. వాండా పూలు పరిమళించును. అయినను ఒకే పూవును ఒకరు కమ్మగా నున్నదనగా, వేరొకరు వాసనయే లేదనవచ్చును. ఇరువురి మాటయు నిజమే కావచ్చును. వయొలెట్ పూలలోని బీటా-అయొనోన్ అను సుగంధద్రవ్యమును కొందరి ముక్కు సరిగా గుర్తింపలేదు. ఒక జన్యువులోని చిన్న భేదమే ఇందుకు ముఖ్యకారణమని 2013లో శాస్త్రజ్ఞులు తెలిపిరి.

కావున కత్తి యెత్తుటకు ముందు, వేరు కొమ్మలోనికి చొచ్చినదా, బెరడుపైననే యున్నదా యని పరిశీలింపవలెనని రైతు సోదరులకు మా మనవి.