పసుపు చక్రమును నాలుగు దయ్యములును

1980వ సంవత్సరమున జపాను దేశమందలి నామ్‌కో కంపెనీవారు ఒక ఆటయంత్రమును వెలువరించిరి. తెరమీద చిక్కుదారియొకటి, అందులో పసుపుపచ్చని చక్రము నోరు తెరచుచు, మూయుచు, చుక్కలను మ్రింగుచు పోవును. నాలుగు దయ్యములు దానిని తరుమును. నాటి ఆటలు పెక్కులు యుద్ధములే యగుటచే, స్త్రీలును ఆడదగినది కావలెనని తలంచి, తోరు ఇవాతాని అను యువకుడు భోజనమును విషయముగా గైకొనెను. అంతకంటె సర్వజనామోదమైనది వేరేమున్నది? ఈ ఆట అమెరికాకు పోవునప్పుడు, తుంటరులు మొదటి అక్షరమును గీకి బూతుమాట చేయుదురను భయముచే, దాని పేరును పాక్‌మాన్ అని మార్చిరి. దయ్యములను అమ్మజూపిన వర్తకులు పిల్లలకు జడిసిరి!

పెద్దలకును జడుపు తప్పలేదు. 1981లో ఫిలిప్పీన్సు అధ్యక్షుడు మార్కోసు తన దేశమున వీడియో ఆటలనే నిషేధించెను. అయినను ఆ దయ్యములెట్లు నడచునో విచారించిన పెద్దలు కొలదిమందియే. మనము విచారింతము.

వానికి బుద్ధి లేదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమము కలదు. ఎఱ్ఱనిది చక్రమున్న చోటికే పోవును. గులాబి రంగుది చక్రమునకు నాలుగు గడుల ముందరి చోటును గుఱిపెట్టును. నారింజ రంగుది దూరమున నున్నంతసేపు తరిమి, ఎనిమిది గడుల లోపలికి రాగానే తన మూలకు మరలును (ఇట్టి శూరులు మన వీథులలోను కలరు). నీలిది తన గుఱిని చక్రమును, ఎఱ్ఱదానిని రెంటిని జూచి నిర్ణయించుకొనును. నియమములు మారవు గనుక, ఒకమారు తప్పించుకొన్న దారిని అడుగు తప్పక మరల నడచినచో మరల తప్పించుకొనవచ్చును. దీనిని కనిపెట్టిన అమెరికనులు ఆ దారులను పుస్తకములుగా అచ్చువేసి అమ్ముకొనిరి.

ఈ ఆటకు అంతము కల్పింపబడలేదు. అయినను 256వ ఆటయందు తెర కుడిసగము పిచ్చి గుఱుతులతో నిండిపోవును. ఏలయన, యంత్రము ఆటల లెక్కను ఎనిమిది ద్వ్యంక స్థానములలోనే వ్రాసికొనును; అందు 0 మొదలు 255 వఱకే పట్టును. మూడంకెల చక్రములు 999 తరువాత 000 చూపినట్లు, 255కు ఒకటి కూడగా సున్న వచ్చును. తెర అడుగున ఎన్ని పండ్ల బొమ్మలు వేయవలెనో తెలియక యంత్రము గీయుచునే పోవును.

నేటి ఫోనులలోని ఆటల సంగతి వేఱు. పాత యంత్రము ముందుగనే నాణెమడిగెడిది. ఇవి ఉచితమని పిలిచి, పిల్లవాడు ఓడబోవు క్షణమున ప్రాణములు కొనుమని అడుగును. నియమములను కంపెనీవారు దూరమునుండియే మార్చగలరు. నిన్న నేర్చిన దారి నేడు మూసియుండవచ్చును. 2025లో మన పార్లమెంటు చేసిన నిషేధ శాసనము సొమ్ము గెలుచు ఆశ చూపు ఆన్‌లైను ఆటలను గూర్చినదే. కావున తలిదండ్రులు "ఎంతసేపు ఆడితివి?" అని మాత్రమే గాక, "అది నిన్నెప్పుడు డబ్బడిగినది?" అనియు అడుగుదురు గాక.

అభ్యాసము: ఎనిమిదికి మాఱు పదునాఱు స్థానములుండినచో, పాక్‌మాన్ ఎన్నవ ఆటయందు చెడును? విద్యార్థులు లెక్కించి తమ ఉపాధ్యాయునకు చూపవలెను.