పెరటితోటల పురుగులకు వంటింటి దినుసులు: సంఘము మొత్తముగా కొనవలసిన విధము

గడచిన సర్వసభ్య సమావేశమున పెరటితోటలు గల సభ్యులు మమ్మొక ప్రశ్న యడిగిరి. మిరపకాయలు, వెల్లుల్లి, వంటసోడా మొదలగువానితో పురుగులకు కషాయములు చేసికొమ్మని మీరు చెప్పుచున్నారు గదా, ఆ దినుసులను చిల్లర కొట్టున పావుకిలో చొప్పున కొన్నచో పురుగుమందు డబ్బాకంటె ఖర్చెక్కువ యగుచున్నది, సంఘమే మూటలతో తెప్పించి పంచరాదా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనది. అయితే దీనికి సమాధానము చెప్పుటకు ముందు, రెండేండ్ల క్రిందట ఈ విషయమునందే మేము చేసిన తప్పును ఒప్పుకొనవలసియున్నది. దానిని దాచి పాఠము చెప్పుట తగదు.

ఆ యేడు మా సలహాపై సంఘము ఏబదేసి కిలోల వెల్లుల్లి బస్తాలు రెండును, కారపు పొడి బస్తా ఒకటియు తెప్పించినది. లెక్క వేసినది మేమే. ఎకరమునకు ఒక తడవ అరకిలో వెల్లుల్లి యని చెప్పుదురు. పెరటితోట కందులో సగము చాలునని తలచి, నలుబది తోటలకు పదేసి తడవలకు నూరు కిలోలని వ్రాసియిచ్చితిమి. ఆషాఢమాసపు ముసురు పట్టగానే గిడ్డంగిలోని పాయలు మొలకలెత్తి, పిమ్మట బూజుపట్టి, సగమునకు పైగా పెంటకుప్పకు పోయినవి. ఇక కారపు పొడి సంగతి వేఱు. బస్తా విప్పి వాడినవారి పిచికారీల నాళములు పూడుకొనిపోయినవి. గ్లాసెడు నీటిలో చెంచాడు పొడి వేసి చూడగా అడుగున గరుకుగా ఇటుకపొడి తేరుకొన్నది. కొనక ముందు చేయవలసిన పరీక్షను కొన్న తరువాత చేసితిమి.

ఈ నష్టము అందఱికిని సమముగా తగులలేదు. ఆరు సెంట్ల పెరటిలో బెండ, వంగ పండించి వారపు సంతలో కూరలమ్ముకొను సభ్యురాలొకరు ఆ పొడినే నమ్మి మూడు తడవలు చల్లిరి. పచ్చదోమ తగ్గలేదు. బెండాకులు అంచులు ముడుచుకొని ఎఱ్ఱబారెను. నాలుగవ వారమున ఆమె అరువుపై పురుగుమందు తెచ్చుకొనిరి. ఆ తరువాతి సమావేశమున లేచి, "అయ్యగారూ, మా పెరడేమైనా అర ఎకరమా? నాకు అంత వెల్లుల్లి ఎందుకు వ్రాసితిరి?" అని అడిగిరి. ఆ ఒక్క ప్రశ్నలో మా తప్పంతయు నున్నది. అయిదు సెంట్లు ఎకరములో ఇరువదవ వంతే గాని సగము కాదు. మిషను పాఠశాలలో భిన్నములు బెత్తపు దెబ్బలతో నేర్చిన మాకు ఈ లెక్క తప్పుట మఱింత సిగ్గుచేటు.

కావున మొదట లెక్క సరిచూతము. పురుగుమందులు లేని సాగు పేర 2004-05 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘముల ద్వారా వ్యాపించిన పద్ధతిలో, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయమునకు ఎకరమునకు మూడు కిలోల పచ్చిమిరపకాయలు, అరకిలో వెల్లుల్లి, పావులీటరు కిరోసిను, 75 గ్రాముల సబ్బుపొడి వాడి, ఇంచుమించు నూరు లీటర్ల ద్రావణము చేసెడివారు. దీనిని అయిదు సెంట్లకు తగ్గించినచో 150 గ్రాముల పచ్చిమిర్చి, 25 గ్రాముల వెల్లుల్లి, అయిదు లీటర్ల నీరు. పచ్చికాయలో నీరే యెక్కువ గనుక 150 గ్రాముల పచ్చిమిర్చికి బదులు 35 గ్రాముల ఎండుమిర్చి చాలును. నలుబది తోటలు, తోటకు పది తడవలు అనుకొన్నను మొత్తము పదునాలుగు కిలోల ఎండుమిర్చి, పది కిలోల వెల్లుల్లి మాత్రమే. అనగా మేము తెప్పించినది కావలసిన దానికి పదిరెట్లు. మొత్తముగా కొనుట యనగా బస్తాలు బస్తాలుగా కొనుట యని మనస్సున పెట్టుకొన్న వారికి ఈ అంకెలు నిరాశ కలిగింపవచ్చును. కాని టోకు ధరలోని లాభము చెడిపోయిన సరకులో పోవునని మాకు అనుభవమైనది.

ఇప్పుడు మిరపకాయల మాట. దీనిని కొంచెము విపులముగా చెప్పవలెను, ఏలయనగా డబ్బు ఆదా యగునది ఇచ్చటనే.

కషాయమునకు కావలసినది రంగు కాదు, ఘాటు. వంటకు ఎఱ్ఱదనము నిచ్చు బ్యాడిగి కాయ ఖరీదైనది, కాని అందు కారము తక్కువ. దానిని కషాయమునకు కొనుట దండుగ. తేజ రకము సన్నగా నున్నను ఘాటైనది, అదియే తగినది. ఇక మేలిరకపు తేజయే కొననక్కఱలేదు. కోతల తరువాత కల్లములో రైతులు ఏరివేయు తెల్లబారిన, మచ్చలుపడిన కాయలను తాలుకాయలందురు. గుంటూరు యార్డులో వీనికి వేఱుగా బేరము జరుగును, ధర మేలుకాయలకంటె చాల తక్కువ. రంగు పోయినను కారము చాలవఱకు నిలిచియుండును. పొడి కొట్టువారును, కారపు సత్తు తీయు కార్ఖానాల వారును తాలును ఊరక కొనరు గదా! అయితే బూజు పట్టిన కాయలను ఏరివేయవలెను. తాలుకాయల మూటను వంటింటిలో మాత్రము పెట్టరాదు. చౌకగా నున్నదని దానిని కూరలో వేసికొన్న ఇండ్లు మేమెఱుగుదుము. బూజులో చేరు విషము వండినను పోదు.

కాయనే కొనుడు, పొడి కొనకుడు. పొడిలో కల్తీ తెలియదు, నూనె పట్టించిన పొడి నీటిలో కలియదు, సన్నని నలక నాళమున అడ్డుపడును. కాయ యైనచో తొడిమ విఱిచి, లోపలి తెల్లని ఈనెను నాలుకపై పెట్టుకొని చూడవచ్చును. ఘాటు అధికముగా నుండునది ఆ ఈనెలోనే గాని, చాలమంది యనుకొనునట్లు గింజలో కాదు.

కాలమును గూర్చి చెప్పవలెనన్న, ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వఱకు కొత్తకాయ యార్డునకు విరివిగా వచ్చును. అప్పుడే కొనవలెను. ఎండలు ముదిరిన పిమ్మట యార్డునకు వేసవి సెలవులిత్తురు, తరువాత వచ్చునది శీతలగిడ్డంగి సరకు, దాని అద్దె కూడ ధరలో చేరును. ఒక టిక్కీ సుమారు నలుబది కిలోలుండును గనుక మన కొక్కరికే అది హెచ్చు. పొరుగు గ్రామపు సంఘములు రెండింటితో కలసి యొక టిక్కీ కొని పంచుకొన్నచో ఒక సంవత్సరములో ఖర్చగును. కిలోల చొప్పున అడిగినచో కమీషను దుకాణమువారు మన మొగము చూడరు.

ఇంకొక మాట. యార్డు మిరపపై పొలములో ఎన్నితడవలు మందు కొట్టిరో మన మెఱుగము. పురుగుమందు వలదని చేసికొను కషాయములో పురుగుమందే యుండుట హాస్యాస్పదము. కావున మిరప వేయు మన సభ్యులలో మందులు తక్కువగా వాడినవారి తాలు దొరకినంతవఱకు దానినే ముందు కొనవలెనని మా యభిప్రాయము. ధర రూపాయి యెక్కువైనను సరియే.

వెల్లుల్లి నిలువ యుండు సరకు కాదు. మనకు వచ్చునది చాలవఱకు మధ్యప్రదేశ్ నుండియే. మందసౌర్, నీమచ్ మార్కెట్లలో కొత్తపంట వేసవి మొదట దిగును, అప్పుడు ధర తగ్గును. శీతకాలమున పాతసరకు తఱిగి ధర చుక్కలనంటును. 2024లో చిల్లర ధర కిలో నాలుగువందల రూపాయలు తాకిన సంగతి సభ్యులు మఱచియుండరు. ఏప్రిల్‌లో కొనుటయు మంచిదే గాని, మూడు నెలలకు సరిపడు నాలుగైదు కిలోలకు మించి కొనరాదు. గోనెలో కుక్కక, తాడున కట్టి గాలి తగులుచోట వ్రేలాడదీయవలెను. కూరకు పనికిరాని చిన్నరెబ్బలు, పాయనుండి విడిపోయిన రెబ్బలు కొట్లలో అడుగున మిగులును. కషాయమునకు అవియే చాలును, వర్తకులు కూడ సంతోషముగా ఇత్తురు.

వెల్లుల్లి వాసనలోని శక్తి రెబ్బ నలిగినప్పుడే పుట్టును. నలుగని రెబ్బలను నీటిలో వేసి మరిగించినచో ఆ శక్తిని పుట్టించు పదార్థము వేడికి నశించును. మంచి దినుసు తెచ్చి మరిగించి పాడుచేయువారు చాలమంది కలరు. దంచి, పావుగంట అట్లే యుంచి, పిమ్మట నీటిలో కలుపవలెను. కలిపినదానిని నిలువ చేయరాదు.

వంటసోడా పురుగులకు కాదు, బూడిద తెగులునకు. బీర, సొర, బెండ ఆకులపై తెల్లని పొడి కనబడిన తొలిదినములలోనే లీటరు నీటికి అయిదు గ్రాములు, రెండు చుక్కల సబ్బునీరు కలిపి చల్లినచో వ్యాపింపదు. ముదిరిన తరువాత ప్రయోజనము లేదు. మాటిమాటికి చల్లినచో నేలలో ఉప్పదనము చేరును. కొట్టువానిని "సోడా" యని మాత్రమే యడిగినచో ఒక్కొక్కప్పుడు బట్టల సోడా కట్టియిచ్చును. అది ఆకులను మాడ్చివేయును. "తినే సోడా" యని స్పష్టముగా అడిగి, మూటపై చీటి చదివి తీసికొనవలెను. సంఘమునకు అయిదు కిలోలు చాలును.

ఇంగువను మొత్తముగా కొనుమని కొందఱు చెప్పిరి. మా యభిప్రాయము వలదని. బజారున అమ్ము కూటు ఇంగువలో అధికభాగము పిండియు బంకయు. అసలు ఇంగువ ఇరాను, ఆఫ్ఘనిస్థానముల నుండి రావలసినదే. మన దేశమున లాహౌల్ లోయలో 2020 అక్టోబరున మాత్రమే నాటుట ఆరంభించిరి. అంత ఖరీదైన దినుసును చెట్లపై చల్లుట కూలిపని చేసికొను ఇంటికి తగదు. సబ్బునకు బదులు కుంకుడుకాయ రసము వాడవచ్చును. ఊరిలో చెట్టున్నచో కొననే యక్కఱలేదు.

చేయు విధము పది లీటర్ల పిచికారీకి చెప్పెదము. డెబ్బది గ్రాముల ఎండుమిర్చిని నీటితో రుబ్బి, లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టవలెను. మఱునాటి సాయంకాలము ఏబది గ్రాముల వెల్లుల్లి దంచి, పావుగంట తరువాత ఇరువదియైదు మిల్లీలీటర్ల వంటనూనెలో కలుపవలెను. పూర్వపు కొలతలో ఇది కిరోసిను. కూరగాయలపై దాని వాసన మాకు నచ్చక నూనె వాడుచున్నాము. మిరప ఘాటు నీటిలో సరిగా కరుగక నూనెలో కరుగును గనుక నష్టము లేదు. పదునైదు గ్రాముల సబ్బును వేడినీటిలో కరిగించి ఈ నూనెను అందులో తెల్లబడునంతవఱకు చిలికి, మిరప నీటితో చేర్చి, పలుచని బట్టతో రెండుమార్లు వడగట్టి, పది లీటర్లు చేయవలెను. మొదట రెండు మొక్కలపై చల్లి ఒక దినము చూడుడు. ఆకు మాడకున్నచో తక్కిన తోటకు చల్లుడు. సబ్బు పాలు ఎక్కువైనచో చిక్కుడు ఆకు త్వరగా మాడును. ఎండలోను, తేనెటీగలు పూలపై వాలు వేళలోను చల్లరాదు. రుబ్బునప్పుడు, చల్లునప్పుడు కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ అవసరము, గాలికి ఎదురుగా నిలువరాదు. చేతులు మండినచో నూనె రాచి పిమ్మట సబ్బుతో కడుగవలెను. కంట బడినచో చాలసేపు మంచినీటితోనే కడుగవలెను. ఆ రోటిలో పచ్చడి నూరరాదు.

దీని శక్తి యెంతయో కూడ చెప్పవలెను. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి వంటి మెత్తని పురుగులు తొలిదశలో నున్నప్పుడు వానిని ఇది తఱుమును, కొన్నింటిని చంపును. ఆకు అడుగుభాగము తడియకున్నచో ఏమియు చేయదు. వాన కురిసినచో మరల చల్లవలెను. వంకాయలో దూరిన పురుగును ఏ కషాయమును పట్టలేదు. వాడిన కొమ్మలను తుంచి కాల్చుట, లింగాకర్షక బుట్టలు కట్టుట దానికి మార్గము. వేపగింజలు ఏరుకొనువారికి వంటింటి దినుసుల అవసరమే సగము తగ్గును. జూన్, జూలై మాసములలో రాలిన గింజలను నీడన ఆరబెట్టి గోనెలో నుంచుకొనవలెను. దానిని గూర్చి ఆ కాలమున వేఱుగా వ్రాయుదుము.

ఈ యేటి కొనుగోలు ఇండెంటుపైననే జరుగును. ప్రతి సభ్యుడు తన తోట ఎన్ని సెంట్లో వ్రాసి, సగము సొమ్ము ముందు చెల్లింపవలెను. ఎకరముల లెక్కన వ్రాసిన ఇండెంటు అంగీకరింపబడదు. సరకు కొనుటకు యార్డునకు పోవు ముగ్గురిలో ఆనాడు మమ్ము ప్రశ్నించిన ఆ సభ్యురాలు కూడ నుండుటకు అంగీకరించిరి. కాయ చీల్చి నాలుకపై పెట్టి చూచు పని తమదేనని వారు ముందుగానే చెప్పియున్నారు.